పొడపత్రి నాలుకను ఆపుతుంది, రక్తంలోని చక్కెరను కాదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక సందేశం ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. రోజూ పరగడుపున రెండు పొడపత్రి ఆకులు నమిలితే తీపి మీద యావ శాశ్వతంగా పోతుందనీ, నాలుకకు తెలియని తీపి ఒంటికి పట్టదనీ, నలభై రోజుల్లో మధుమేహం నయమై మాత్రలతో పని ఉండదనీ, ఆకుమందు గనుక ఏ హానీ చేయదనీ దాని సారాంశం. మా వీధిలో ఒక పెద్దాయన దీన్ని నమ్మి మాత్రలు ఆపేశారు. అందుకే అందులోని ఒక్కొక్క మాటకూ సమాధానం రాస్తున్నాను.

మొదటి మాటలో కొంత నిజముంది. పొడపత్రిని హిందీలో గుడ్‌మార్ అంటారు, అంటే బెల్లాన్ని చంపేది అని. దానిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకాలకు అంటుకుని వాటిని కాసేపు పనిచేయనివ్వవు. నేను ఆకు నమిలి, పంచదార నోట్లో వేసుకుని చూశాను. ఇసుక పలుకుల్లా తగిలిందే తప్ప తీపి తెలియలేదు. ఉప్పు, పులుపు మాత్రం ఎప్పటిలాగే తెలిశాయి. అయితే ఈ ప్రభావం సుమారు అరగంట నుంచి గంట వరకే ఉంటుంది. ఆకు నమిలిన వెంటనే మిఠాయి పెడితే కొందరు తక్కువ తిన్నట్టు చిన్న ప్రయోగాల్లో కనిపించింది కాని, ఉదయం నమిలిన ఆకు సాయంత్రం అరిసె మీదికి పోయే మనసును ఆపలేదు. శాశ్వతం అన్న మాటకు ఆధారం లేదు.

రెండో మాట అన్నిటికన్నా ప్రమాదకరమైనది. నాలుకకు రుచి తెలియడం వేరు, తిన్నది అరిగి రక్తంలో చేరడం వేరు. తీపి తెలియకుండా మింగిన లడ్డూలోని పంచదార కూడా పేగుల్లో గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి రక్తంలోకే చేరుతుంది. అంతకన్నా ముఖ్యంగా, మన ప్రాంతంలో చాలామంది ఒంట్లో చేరే గ్లూకోజులో అధికభాగం మిఠాయిల నుంచి కాదు, పూటపూటా తినే అన్నం నుంచి వస్తుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది; అది నాలుకకు తియ్యగా తగలకపోయినా, అరిగాక గ్లూకోజే అవుతుంది. ఆరోగ్యానికి మంచిదని తాగే చోడి అంబలిలో ఉన్నదీ ప్రధానంగా పిండిపదార్థమే. అందువల్ల పళ్ళెంలో అన్నం తగ్గించకుండా ఆకు మాత్రం నమిలేవారికి, అసలు దారి తెరిచి ఉండగానే దాన్ని మూసేశామన్న భ్రమ కలుగుతుంది.

మధుమేహం నయమవుతుందన్న మాటకు మద్రాసు పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనాన్ని ఆధారంగా చూపుతుంటారు. అందులో 22 మంది రోగులు 18 నుంచి 20 నెలలపాటు, తమ మాత్రలతో పాటుగా, రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారం తీసుకున్నారు. చక్కెర తగ్గింది, కొందరికి మాత్రల మోతాదూ తగ్గింది. ఇది ఆశ కలిగించే ఫలితమే, కొట్టిపారేయనక్కర లేదు. కాని వారు తీసుకున్నది కొలిచి తయారు చేసిన సారం, పెరట్లో కోసిన ఆకు కాదు. రోగులను చీటీలు వేసినట్టుగా రెండు జట్లు చేసి పోల్చిన పరీక్షా కాదు. నలభై రోజుల్లో నయమవుతుందని ఆ అధ్యయనం చెప్పలేదు.

హాని లేదన్న మాట, మధుమేహం నయమవుతుందన్న సందేశంలోని మాటనే ఖండిస్తుంది. ఒంటి మీద పనిచేసే మందైతే, అతిగానూ పనిచేయగలదు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతున్నవారు దీన్నీ కలిపితే రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా కిందికి జారి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం వరకూ రావచ్చు. పొడపత్రి వాడిన మధుమేహ రోగికి కాలేయం దెబ్బతిన్న ఉదంతం కూడా వైద్య పత్రికలో నమోదైంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో బాధపడేవారు ఎందరో ఉన్నారు; మూత్రపిండాలు బలహీనమైనప్పుడు కొన్ని మధుమేహ మాత్రలు, ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి చక్కెరను మరింత పడగొడతాయి. అలాంటివారు వైద్యుడికి చెప్పకుండా ఏ ఆకుపొడినీ ముట్టకూడదు. ఇప్పటికే వాడుతున్నవారు ఆ సంగతి చెప్పి, గ్లూకోమీటరుతో తరచూ చూసుకోవాలి. మా వీధి పెద్దాయన మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. పొడపత్రి పొట్లాన్ని ఆసుపత్రికి వెంట తీసుకువెళ్ళి వైద్యుడికి చూపించారు.