ఊపిరి ఒక్కటే చాలదు
పరీక్షల భయం గురించి ఒక వ్యాసం చదివాను. పరీక్ష హాల్లో టెన్షన్ వస్తే నాలుగుసార్లు లోతుగా ఊపిరి తీసుకుంటే చాలని అందులో రాసిన మాట నాకు సగమే నిజమనిపించింది. గుండెదడ తగ్గుతుంది, సరే. ఒడిశాలోని పర్లాకిమిడిలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తుంటాను, నేను చూసే భయం వేరు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. జవాబు తెలిసినా వాక్యం కుదరక, టైమ్ అయిపోతోందని చేతులు వణుకుతాయి. వీళ్లకు పుస్తకం మూసి, ఎదురుగా గడియారం పెట్టి పాత ప్రశ్నపత్రాలు రాయించాలి. చదివిందే మళ్లీ చదివితే అంతా వచ్చినట్టే ఉంటుంది, రాస్తే గానీ ఏది రాదో బయటపడదు. మొదట్లో సగం కూడా రాయలేక ఏడుస్తారు. అప్పుడు దయచేసి మార్కులు వేయకండి, పక్కింటి పిల్లతో పోల్చకండి. పరీక్షకు ముందు 10 నిమిషాలు తమ భయాలను కాగితం మీద పెట్టిన విద్యార్థులు మెరుగ్గా రాశారని 2011లో ‘సైన్స్’ అనే పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మా పిల్లలను ఏ భాషలో వస్తే ఆ భాషలో రాసుకోమంటాను, ఆ కాగితం నేను చూడను. నిద్ర పట్టక, అన్నం మానేసే పిల్లలకు మాత్రం ఇవి సరిపోవు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ ఒడియాలోనూ. ఆ నంబర్ నేను చదివిన వ్యాసంలో ఉండాల్సింది.