గుడ్ల లెక్క సరే, కథల లెక్క ఏదీ?

అంగన్‌వాడీలో ఈ రోజు ఎన్ని గుడ్లు ఉడికాయో, ఎంతమంది పిల్లల బరువు తూచారో ప్రభుత్వానికి ఫోన్‌లోనే తెలిసిపోతుంది. అదే కేంద్రంలో నాలుగేళ్ల పిల్ల ఒక కథ విని తిరిగి చెప్పగలుగుతోందా, పది చింతగింజలు లెక్కపెట్టగలుగుతోందా అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు. గుడ్డు వద్దని కాదు, ఆకలితో ఉన్న పిల్లకి కథేం ఎక్కుతుంది! కానీ 1975లో ఈ అంగన్‌వాడీల పథకం మొదలైనప్పుడే బడికి ముందు చదువు కూడా అందులో ఒక సేవ. అదెందుకో చివరి బెంచీలోనే ఉండిపోయింది.

పరిశోధనలు లేవా అంటే ఉన్నాయి, అదీ మన పిల్లల మీదే. అసోం, రాజస్థాన్‌తో పాటు తెలంగాణలోనూ నాలుగేళ్ల పిల్లల్ని ఎనిమిదేళ్లు వచ్చేదాకా గమనిస్తూ వెళ్లిన అధ్యయనం ఒకటి 2017లో బయటికొచ్చింది. పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో సర్వే చేసే అసర్ సెంటర్, ఢిల్లీ అంబేడ్కర్ యూనివర్సిటీ కలిసి చేశాయి. అయిదేళ్లకి పిల్లల్లో చాలామంది ఒకటో తరగతికి సిద్ధంగా లేరని, ప్రైవేటు ఎల్కేజీల్లో కూడా ఆ వయసుకి తగని రాతపనీ బట్టీయే నడుస్తున్నాయని తేల్చింది. ఫీజు కట్టి, మెడలో టై బిగించినంత మాత్రాన పిల్లాడు ముందుకెళ్లడన్నమాట. ఈ ముక్క తల్లిదండ్రుల దాకా చేరలేదు. మేమూ గట్టిగా చెప్పలేదు, ఒప్పుకోవాలి.

టీచర్లకి చెప్పడం రాదు అనడం తేలిక. తమిళనాడులో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఇంకో ఇద్దరు పరిశోధకులు ఆ మాట నమ్మి ఊరుకోకుండా పరీక్షించి చూశారు. 320 అంగన్‌వాడీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం కేంద్రాలకి ఒక పూట పనిచేసే మనిషిని అదనంగా ఇచ్చారు, ప్రధానంగా చదువు చెప్పడానికే. ఏడాదిన్నర తర్వాత చూస్తే చదువు చెప్పే సమయం రెట్టింపైంది, భాషలోనూ లెక్కల్లోనూ ఆ పిల్లలు మిగతా కేంద్రాల పిల్లల్ని దాటిపోయారు, పైగా వయసుకి తగ్గ ఎత్తు లేని పిల్లల సంఖ్య కూడా తగ్గింది, ఎందుకంటే పాత టీచరుకి పోషణ పని చూసుకునే తీరిక దొరికింది. అంటే లోటు మనసులో కాదు, గడియారంలో ఉంది. రిజిస్టర్లు, యాప్‌లు, సర్వేలు, మీటింగులు అన్నీ ఒక్క మనిషి నెత్తిన పెట్టి, పాటెందుకు పాడించలేదని నిలదీస్తే ఎలా?

అన్ని ఫలితాలూ ఇంత తీపిగా ఉండవు. అమెరికాలోని టెనెసీలో ప్రభుత్వ ప్రీ-కే (బడికి ముందు తరగతి) సీటు దొరికిన పేద పిల్లలు, దొరకని వాళ్లకంటే ఆరో తరగతికి వచ్చేసరికి వెనకబడ్డారని 2022లో తేలింది. ఎవరికీ నచ్చని ఫలితమే, అయినా అచ్చేశారు. మన దగ్గరైతే ఆ ఫైలు బీరువా దాటేదా?

ఒక భయం కూడా ఉంది. మూల్యాంకనం అనగానే మనవాళ్లు నాలుగేళ్ల పిల్లకి పరీక్ష పెట్టి ర్యాంకు ఇచ్చేస్తారు. కొలవాల్సింది పిల్లని కాదు, మనం చేస్తున్న ఏర్పాటుని.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేం అడిగేది పెద్దదేం కాదు. ఒక్కో జిల్లాలో కొన్ని కేంద్రాలకి పూట టీచర్ని ఇవ్వండి, పక్కనున్న కొన్నిటికి యాప్ పని తగ్గించి చూడండి, కొన్నిటిని ఉన్నట్టే ఉంచండి. ఏడాదిన్నర తర్వాత బయటివాళ్లతో కొలిపించి, వచ్చిన ఫలితాన్ని, బాగోకపోయినా సరే, తెలుగులో జనం ముందు పెట్టండి.