మూడు చుక్కలు లేకపోవడమే తిరకాసు

సీ భాషలో తెరమీద అచ్చేసే ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్‌ను (printf) రస్ట్ భాష నుంచి పిలిస్తే తిరుపతి ల్యాబ్‌లో లినక్స్ మీద సరిగ్గా వచ్చింది, ఎం1 మ్యాక్‌లో చెత్త అంకెలు వస్తున్నాయని పైన అడిగినారు కదన్నా, రస్ట్‌లో ప్రింట్‌ఎఫ్‌కు మీరు రాసిన డిక్లరేషన్ చివర మూడు చుక్కలు (..., అంటే ఇక్కడ్నుంచి ఎన్ని విలువలైనా రావచ్చని) లేవు, చూడండి. యాపిల్ ఏఆర్ఎం64లో (ఎం1 లాంటి చిప్‌లలో) చుక్కల కిందికొచ్చే విలువలు స్టాక్ (మెమరీలో ఒక భాగం) మీద పోవాల. మీరు మామూలు ఐ32 (32 బిట్ల పూర్ణాంకం) అని రాస్తే రస్ట్ దాన్ని రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న అరలో) పెడుతుంది, ప్రింట్‌ఎఫ్ పోయి స్టాక్‌లో వెతుక్కుంటుంది. ఎక్స్86-64 (ఇంటెల్, ఏఎండీ చిప్‌ల రకం) లినక్స్‌లో పూర్ణాంకాలు ఎట్లా రాసినా అవే రిజిస్టర్లలో పోతాయి, అందుకే తప్పు దాక్కుంది. అక్కడైనా దశాంశాలు పంపితే నమ్మొద్దు: దశాంశాలు పోయే వెక్టర్ రిజిస్టర్లు ఎన్ని వాడినామో ఏఎల్ అనే చిన్న రిజిస్టర్‌లో పెట్టాల, చుక్కలు లేకుంటే కంపైలర్ ఆ పని చేయదు.

చుక్కలు పెట్టినాక ఎఫ్32 (32 బిట్ల దశాంశం) పంపితే కంపైలర్ ఈ0617 ఎర్రర్ ఇస్తుంది, సీ_డబుల్‌కు (64 బిట్ల దశాంశం) మార్చండి. ఐ64కు (64 బిట్ల పూర్ణాంకం) 32 బిట్లకు వాడే పర్సెంట్ డి (%d) పెడితే మాత్రం కంపైలర్ నోరెత్తదు. పర్సెంట్ ఎల్ఎల్‌డి (%lld) వాడండి.