మ్యాక్ అండ్ చీజ్ కోసం విశాఖ దాకా ఎందుకు?
మనసు బాగోలేనప్పుడు తినే తిండి గురించి మీరు రాసినదాంట్లో, విజయనగరంలో మంచి మ్యాక్ అండ్ చీజ్ (చీజ్ సాస్‌లో కలిపిన మాకరోనీ పాస్తా) దొరకదు, విశాఖ వెళ్లాల్సిందే అన్నారు. మొదటి మాట ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. ఇక్కడ కేఫుల్లో ఆ పేరుతో పెట్టేది చాలాసార్లు మామూలు వైట్ సాస్ పాస్తానే, పైన కాస్త మొజరెల్లా చీజ్. అది తీగల్లా సాగుతుంది గానీ సాస్‌లో సరిగ్గా కలవదు, చెడ్డర్ చీజ్ ఉండాలి. అయినా ఇదేమన్నా పెద్ద హోటల్ వంటకమా? అమెరికాలో క్రాఫ్ట్ కంపెనీ 1937లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, అట్టపెట్టెలో పెట్టి అమ్మిన చవక తిండి. ఇంట్లో చేసుకోవడమే నయం. వెన్నలో చెంచాడు మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. చిక్కబడ్డాక పొయ్యి కట్టేసి అప్పుడు చీజ్ తురుము వేయాలి, మంట మీదే వేస్తే విరిగిపోయి నూనె తేలుతుంది. మా పిల్లలకి నేను అమూల్ క్యూబులతోనే చేస్తాను. ప్రాసెస్డ్ చీజ్ కదా, నున్నగా కరుగుతుంది (ఉప్పు మాత్రం చూసుకుని వేయండి). పార్సిల్ తెప్పిస్తే ఇంటికొచ్చేసరికి మాకరోనీ సాసంతా పీల్చేసి ముద్దయిపోతుంది, విశాఖదైనా అంతే. ఇంతకీ, మనసు బాగోలేనప్పుడు తినే తిండి గురించి ఇంత రాసి, చోడి (రాగి) అంబలి, పచ్చి ఉల్లిపాయ ఊసే ఎత్తలేదేంటండీ?