తలే కావాలి, తోక వద్దు

తెలుగు క్రైస్తవుల్లో విశ్వాసం తగ్గిపోతోందని ఈ మధ్య ప్రతి సభలోనూ వాపోతున్నారు. నేను ఒప్పుకోను. డిసెంబరు 31 రాత్రి ఏ చర్చికైనా వెళ్లి చూడండి. ఏడాదంతా కనబడని మొహాలు కూడా పదింటికల్లా షామియానా కింద కుర్చీ పట్టుకుని, అరగంట పాటలు, గంటన్నర ప్రసంగం, సరిగ్గా పన్నెండుకు మోకాళ్ల ప్రార్థన, ఆ పైన మైకులో వినబడని సాక్ష్యాలు, ఇవన్నీ చలిలో ఓర్చుకుని కూర్చునేది దేనికనుకుంటున్నారు? కొత్త ఏడాదికి దేవుడి మాటగా ఒక బైబిలు వాక్యం అచ్చేసి, ట్రేలో పెట్టి తెచ్చే వాగ్దాన కార్డు కోసం. ఏడాది విశ్వాస జీవితమంతా విజిటింగ్ కార్డంత అట్టముక్కలో ఇమిడ్చి చేతిలో పెట్టిన మన సంఘాలను మెచ్చుకోవాల్సింది పోయి తప్పుపడితే ఎలా?

కార్డు తీయడం ఆషామాషీ వ్యవహారం కాదండీ. కళ్లు మూసుకోవాలి, స్తోత్రం చెప్పుకోవాలి, పైనున్నది వదిలేసి అడుగునుంచి లాగాలి (పైవి అందరికీ వచ్చేవేనని ఒక నమ్మకం). తీశాక అందులో ‘శ్రమ’, ‘ఓర్పు’, ‘సిలువ’ లాంటి మాట పొరపాటున పడిందనుకోండి, పక్కవాళ్లు చూసేలోపు వెనక్కి పెట్టేసి ఇంకోటి తీసుకోవచ్చు. గిట్టనివాళ్లు దీన్ని మోసం అంటారు, మనం ఆత్మ నడిపింపు అంటాం. ఇక కార్డు అందం చెప్పనక్కర్లేదు. ముప్పాతిక భాగం పాస్టరు గారు, అమ్మగారు, కోట్లు వేసుకున్న పిల్లలు. అడుగున చిన్న అక్షరాల్లో యెహోవా. వాక్యం చదవాలంటే కళ్లజోడు వెతుక్కోవాలి గానీ ఫోన్ నంబరు రోడ్డు అవతలి నుంచే కనబడుతుంది.

అయితే అసలు పనితనమంతా కత్తెరలో ఉంది. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయమే తీసుకోండి. మొత్తం 68 వచనాలు. మొదటి 14 దీవెనలు, 15 నుంచి చివరిదాకా మాట వినకపోతే ఏమవుతుందో తీరిగ్గా చెప్పిన శాపాలు. మన ప్రింటింగ్ ప్రెస్సుల లెక్కలో ఆ అధ్యాయం 14తో ముగిసింది. అందరికీ ఇష్టమైన ‘నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు’ అన్నది 13వ వచనం. అక్కడే ఆజ్ఞలు విని నడుచుకుంటేనే అని షరతు కూడా ఉంది, కానీ కార్డులో చోటు చాలదు కదా, అమ్మగారి ఫొటో తగ్గిస్తామా? మరి సంఘంలో రెండొందల మందీ తలలే అయితే తోక ఎవరని ఓ కుర్రాడు అడుగుతాడు. పక్క వీధి సంఘం వాళ్లు ఉన్నారుగా.

యిర్మీయా 29:11 సంగతీ అంతే. ‘సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు.’ అమెరికా వీసా ప్రయత్నంలో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే కార్డు. ఇది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్లు ఆగండి అని ఉంది. డెబ్బై ఏళ్లు ఎక్కడ ఆగుతాం, హెచ్-1బి లాటరీ మార్చిలో అయితే? అదే ఉత్తరంలో ఆ పరాయి పట్టణంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అని కూడా రాశాడు. ఇళ్ల విషయం వరకూ డాలస్‌లో మనవాళ్లు అక్షరాలా పాటిస్తున్నారు.

ఇంక 91వ కీర్తన. దూతలు నిన్ను కాపాడతారు, నీ పాదానికి రాయి తగలకుండా ఎత్తి పట్టుకుంటారు. బండి ముందు స్టిక్కరుగా ఇంతకంటే మంచి వాక్యం లేదు. ఇది అంటించాక హెల్మెట్ పెట్టుకుంటే విశ్వాసం సన్నగిల్లినట్టే కదా! ట్రాఫిక్ పోలీసుకు ఈ మర్మం తెలియక చలానా రాస్తాడు. ఒక్క చిక్కుంది. ఈ వాక్యాన్ని సందర్భం నుంచి కత్తిరించి, నీకే రాశారు, దూకి చూడు అని యేసుకు మొదట చూపించినవాడు సాతాను. మత్తయి 4లో ఉంది. కార్డుల పరిశ్రమకు ఆద్యుడు ఎవరన్నది చరిత్రకారులు తేల్చాలి, నేను కలగజేసుకోను.

పాపం, మన ముత్తాతలకు ఈ సౌకర్యాలేవీ లేవు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. వాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగారు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. వాళ్లు ఆగారు. సాయం ఆగిపోయాక, ఇంక చేతికొచ్చేది ఏమీ లేదని తెలిశాక, మళ్లీ వచ్చారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మ ఏటిలో బాప్తిస్మం. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆదివారం పని చేయం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం అన్నందుకు వాళ్లకు దొరికింది ఊరి పెద్దల కోపం. తలగా నియమిస్తానని ఒక్క కార్డూ చేతికివ్వకుండా అంతమందిని నీళ్లలో దింపడం ఏ ప్లానింగో నాకు అర్థం కాదు.

వాళ్ల మునిమనవలం మనం ఎదిగాం. పెళ్లి ప్రకటనల్లో చూడండి: తిరిగి జన్మించిన వధువు కావలెను, అదే కులం వారు సంప్రదించగలరు. అంటే రెండోసారి పుట్టినా కులం మారకుండా జాగ్రత్తగా పుట్టాలన్నమాట. యాకోబు పత్రిక రెండో అధ్యాయం, బంగారు ఉంగరం వేసుకొచ్చినవాడికి మంచి చోటిచ్చి బీదవాణ్ణి అక్కడ నిలబడమనకండి అంటుంది. అందుకే మనం ఉంగరాల జోలికి పోకుండా ఎమ్మెల్యే గారికి మాత్రమే ముందు సోఫా వేస్తున్నాం. అదే అధ్యాయంలో, ఆకలిగా ఉన్నవాడికి ఏమీ ఇవ్వకుండా సమాధానంగా వెళ్లు అంటే ప్రయోజనమేంటి అని కూడా ఉంది. మనం అలా ఉత్త చేతులతో ఎందుకు పంపిస్తాం? ‘ప్రార్థనలో పెట్టుకుంటాం బ్రదర్’ అని చెప్పి, చేతులు జోడించిన బొమ్మ కూడా పంపిస్తున్నాం.

ఇంత చెప్పాక సంఘ కమిటీలకు నాదో చిన్న మనవి. వచ్చే వాచ్‌నైట్‌కి, అదే డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి, రెండో ట్రే కూడా పెట్టండి. ప్రెస్సులో కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ ఉన్నాయి కదా, దండగవడం ఎందుకు, అవి అందులో వేయండి. ఎవరికో లేవీయకాండం 19:13 వస్తుంది: కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదు. ఆ రాత్రికి నెలాఖరు కూడా, ఇంట్లో అంట్లు తోమే అక్కకి ఇవ్వాల్సిన రెండు నెలల జీతం ఠక్కున గుర్తొస్తుంది. జనవరి ఒకటి కదా, సెలవు, డబ్బులు డ్రా చేయలేదు అంటారేమో, ఫోన్‌పే రాత్రి పన్నెండున్నరకి కూడా పనిచేస్తుంది.