పదిహేడో తాడు

ఆన్‌లైన్‌లో ‘బోహో మాక్రమే ప్లాంట్ హ్యాంగర్’ పేరుతో, మొక్కల కుండీ వేలాడదీసుకోవడానికి, 650 రూపాయలకి నేను అమ్ముతున్నది ఉట్టి. వట్టి ఉట్టి. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోట్లాడిన పర్లాకిమిడిలో కూచుని, ఉట్టిని ఉట్టి అనడానికి నాకు మొహమాటం. ఉట్టి అంటే ఎవరూ కొనరు మరి. ధర తెలిసిన రోజు మా అత్తమ్మ, “ఏటమ్మీ, ఉట్టికి ఆరొందల యాభయ్యా? పెరుగుకుండ కూడా ఇస్తన్నావేటి?” అంది. కొబ్బరి పీచుతో వాళ్ళమ్మ పావుగంటలో అల్లేసేదట. ఆ పావుగంట లెక్క వారానికి రెండుసార్లయినా నా చెవిన పడుతుంది.

నిన్న ఆఖరి ఉట్టి సగంలో ఉంది. కొరియర్ పికప్ “రెండు నుంచి ఆరు లోపు”. పిల్లకి నాలుగో నెల. ఇంట్లో దూలానికి కొక్కెం ఒక్కటే, దానికి చీర ఉయ్యాల. ఉట్టి రింగు కిటికీ ఊచకి తగిలించుకుని, ఉయ్యాల పక్కనే చాప మీద నేను. కరెంటు లేదు.

మూడడుగుల ఉట్టికి 4 మిల్లీమీటర్ల ఒంటిపేట నూలుతాడు కావాలి. 5 మీటర్ల ముక్కలు 8 కోసి రింగులోంచి సగానికి మడిస్తే 16 కొసలు వేలాడతాయి. పైనా కిందా బిగించి చుట్టడానికి మీటరున్నర ముక్కలు ఇంకో 2. మొత్తం 43 మీటర్లు. 16 కొసల్ని నాలుగేసి చొప్పున విడదీస్తే ఉట్టికి నాలుగు కాళ్ళు. ప్రతి కాలికీ నడిమి రెండు తాళ్ళూ కదలకుండా నిలబడతాయి, పక్క రెండే వాటిని చుట్టుకుంటూ ముడి వేస్తాయి. అందుకే పక్కవి గబగబా అయిపోతాయి, నడిమివి బారెడు మిగిలిపోతాయి. నడిమి తాడుకి పొడుగుతో పనిలేదు, ఊరికే నిలబడితే చాలు. ఈ ముక్క గుర్తుంచుకోండి, నా పరువు పోయింది ఇక్కడే.

ముడి ఒకసారి కుడి నుంచి వేస్తే రెండోసారి ఎడమ నుంచి వెయ్యాలి. రెండుసార్లూ ఒకే పక్క నుంచి వేశారా, కాలు జిలేబీలా మెలి తిరిగిపోతుంది. మధ్యలో పిల్ల ఏడ్చి లేచి వెళ్ళొస్తే ఎక్కడ ఆపామో గుర్తుండదు. పూర్తయిన ముడికి ఏ పక్క బుడిపె ఉందో చూసుకుని, ఆ పక్క తాడుతోనే తరవాతి ముడి మొదలుపెట్టాలి. కాలికి ఇరవై ముడులు. తరవాత పక్కపక్క కాళ్ళ నుంచి రెండేసి కొసలు తీసి కలిపే చోట్లు నాలుగూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి వేలెడు కిందకి జారినా కుండీ పక్కకి ఒరుగుతుంది, తడి మట్టి బరువుకి ఇంకా ఒరుగుతుంది, కొన్నావిడ ఒక్క స్టారు ఇస్తుంది.

ఇక ఉయ్యాల ఊపే తాడు. ఇదివరకు నైలాన్‌ది ఉండేది, చెయ్యి కోసేస్తోందని తీసేసి, ఉట్టి తాడులో మిగిలిన ముక్కే మూడు మీటర్లు కట్టాను. అదే తెలుపు, అదే లావు, అదే కట్టలోది. బుద్ధి గడ్డి తినడం అంటే ఇదే. రెండో కొస నా కాలి బొటనవేలికి. చేతులు ముడులు వేస్తుంటే కాలు ఉయ్యాల ఊపుతుంటుంది. ఊపు ఆగిందంటే కాసేపట్లోనే పిల్ల ఒక కన్ను తెరిచి చూస్తుంది.

ఉట్టి మూడో కాలు మొదలెట్టేసరికి బొటనవేలు తిమ్మిరెక్కింది. తాడు విప్పి ఒళ్ళో పడేసుకున్నాను. ఒళ్ళో ఐదు తెల్లతాళ్ళు. నాకు కావలసినవి నాలుగు. ఆ చీకట్లో ఏ నాలుగు తీసుకున్నానో మీరు ఊహించే ఉంటారు. తప్పుడుది నడిమి తాడుగా నిలబడింది, అందుకే పొట్టిదని తెలియలేదు.

కింద కొసలన్నీ ఒక గుత్తిగా చుట్టే ముందు అలవాటుగా లెక్కపెడితే పదిహేడు. తాడు కొయ్యడంలో ఒకటి ఎక్కువయిందిలే అనుకున్నాను. మడిచిన తాడుకి కొసలు ఎప్పుడూ సరిసంఖ్యే వస్తాయి, పదిహేడు రావడానికి దారే లేదు. ఈ సంగతి కుట్టూ అల్లికా రాని మా ఆయనకి కూడా రాత్రి చెప్పగానే అర్థమైంది. “ఆ మాత్రం తెలీలేదా?” అన్నారు. కంటినిండా నిద్రపోయి మాట్లాడేవాళ్ళకి అన్నీ తెలుస్తాయి.

గుత్తి సమంగా కత్తిరించాను. అప్పటికి కత్తెర చేతిలోనే ఉంది. రెండు నిమిషాలకి లేదు. కొరియర్ అబ్బాయి ఫోన్, గేటు దగ్గరే ఉన్నాడట.

ప్యాకింగ్ గురించి ఒక్క మాట చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. ఉట్టి బరువు 350 గ్రాములు. కానీ కొరియర్ వాళ్ళు తూకం మాత్రమే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 30, 25, 8 అయితే 1.2 కేజీ. అంటే సంచీలో గాలికి కూడా నా డబ్బే. 4 సెంటీమీటర్లకి అణిచేస్తే సగం తగ్గుతుంది. అందుకని సంచీ మీద కూచుని టేపు వెయ్యాలి. కూచున్నాను. కూచున్నవాళ్ళకి సంచీ మూతిలోంచి ఎలకతోకలా వేలాడేది కనపడదు. కనపడ్డాక కత్తెర కనపడదు. “ఇదేదో కొస మిగిలిందిలే” అని ఇచ్చేశాను.

పార్సిల్ భువనేశ్వర్‌కి. పాతపట్నంలో ఉన్న మా పిన్ని కూడా ఒకటి అడిగింది. ఊరు దాటి, మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నమే, కానీ అది ఆంధ్ర, మాది ఒడిశా. 2023 అక్టోబరు 1 నుంచి నాలాంటి చిన్నవాళ్ళు జీఎస్టీ నంబరు లేకుండా ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్ముకోవచ్చన్నారు, సొంత రాష్ట్రం లోపలే. ఘాటు రోడ్లెక్కి కోరాపుట్ పంపొచ్చు, ఏరు దాటించకూడదు. పుట్టిల్లు నాకు ఫారిన్ అయిపోయింది.

అబ్బాయి సంచీ అందుకున్నాడు, బార్‌కోడ్ కొట్టాడు, వెనక్కి తిరిగాడు. గడప దాటాడు. వరండా సగం దాటాడు. అక్కడికి తాడు అయిపోయినట్టుంది.

గదిలో ఉయ్యాల మెల్లిగా తలుపు వైపు వంగింది, పెళ్ళివారిని సాగనంపుతున్నట్టు. అబ్బాయికి చేతిలో సంచీ, గాలానికి చేప తగిలినట్టు వెనక్కి లాగింది. ఎక్కడో మేకుకి పట్టుకుందనుకుని ఒక అడుగు వెనక్కేశాడు. తాడు వదులైంది, ఉయ్యాల అటు పోయింది. మళ్ళీ లాగాడు, ఇటొచ్చింది. అలా ఐదారుసార్లు. నాకసలు ఏం జరుగుతోందో తెలియలేదు. ఉయ్యాలకీ భువనేశ్వర్‌కీ సంబంధం ఎవరికి తడుతుంది?

లోపల చిక్కుడుకాయలు వలుస్తున్న అత్తమ్మ తలెత్తింది. ఉయ్యాల దానంతటది ఊగుతోంది. “ఓలమ్మో! ఎవులూ నేకండా ఊగిపోతంది!” అంటూ ఉప్పూ ఎండుమిరపకాయల కోసం వంటింట్లోకి పరిగెత్తింది. ఆ అరుపుకి వీధి లేచింది. పిల్ల లేవలేదు. నేనెంత ఊపినా ఇరవై నిమిషాలకి మించి పడుకోనిది, ఎవరో ఊరూ పేరూ తెలియని కుర్రాడు వరండాలోంచి ఊపుతుంటే నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

అప్పుడు చూశాను తాడు, గడప మీంచి బిర్రుగా.

“దీదీ, కొణొ హెలా?” అన్నాడు అబ్బాయి, ఏమైందని.

“ఆగకు! ఊపు, ఊపు!” అన్నాను. తెలుగులోనే అన్నాను. నా చెయ్యి చూసి అర్థమైపోయిందనుకుంటా, పాపం ఎండలో నిలబడి ఊపాడు.

కత్తెర కోసం ఇల్లంతా తిరిగాను. మిషను, సొరుగు, చాప కింద. లేదు. ఈలోపు అత్తమ్మ ఉప్పు పిడికిలితో వచ్చి పిల్లకి మూడుసార్లు తిప్పింది. అబ్బాయికి కూడా తిప్పింది. “కత్తిరి కావాలా? నీ పరుపు కింద ఎట్టినాను. పసిగుంట ఉన్న ఇల్లు, ఇనుం ఉండాల,” అంది. పెట్టింది ఎప్పుడట? గుత్తి కత్తిరించి నేను టేపు కోసం లేచినప్పుడు.

సంచీ మూతి దగ్గర తాడు కోసేశాను. కోసేశాక వెలిగింది: ఇప్పుడా కాలు నాలుగు తాళ్ళ మీద కాదు, మూడింటి మీదే రింగుకి వేలాడుతోంది. సంచీ వెనక్కి తీసుకోక తప్పలేదు. మళ్ళీ ఇరవై ముడులు విప్పాలి.

పికప్ కాలేదంటే అబ్బాయి కారణం నొక్కాలట. ఫోను నాకే చూపించాడు. ప్యాకెట్ సిద్ధంగా లేదు, చిరునామా తప్పు, ఇంట్లో లేరు. పార్సిల్‌కి పిల్లని కట్టేశారు అన్నది జాబితాలో లేదు. కాసేపు ఆలోచించి ఒకటి నొక్కాడు. నా ఫోన్ మోగింది: “క్షమించాలి, మీరు ఇంట్లో లేనందున పికప్ రద్దయింది. రేపు రెండు నుంచి ఆరు లోపు.”

ఊపు ఆగింది కదా, పిల్ల లేచింది.