సవరణ: సంయోగ చర్యలన్నీ ఆక్సీకరణ-క్షయకరణ చర్యలు కావు

రసాయన చర్యల రకాలపై నిన్నటి పోస్టులో "సంయోగ, వియోగ చర్యలన్నీ ఆక్సీకరణ-క్షయకరణ చర్యలే" అని రాశాను. అది తప్పు. (సంయోగం అంటే పదార్థాలు కలిసి ఒకే పదార్థం అవడం, వియోగం అంటే ఒక పదార్థం విడిపోవడం, ఆక్సీకరణ-క్షయకరణ అంటే ఎలక్ట్రాన్లు ఒకదాని నుంచి మరొకదానికి మారడం.) ఆ పోస్టు చూసి నోట్స్ రాసుకున్న పిల్లలు దయచేసి ఆ వాక్యం కొట్టేయండి.

మెగ్నీషియం తీగ గాలిలో కాలితే అది సంయోగమే, ఆక్సీకరణ-క్షయకరణ కూడా. ఆక్సీకరణ సంఖ్యలు (ఎలక్ట్రాన్లు ఎన్ని పోయాయో, వచ్చాయో లెక్క చెప్పే అంకెలు) చూస్తే, మెగ్నీషియం 0 నుంచి +2కు, ఆక్సిజన్ 0 నుంచి -2కు మారతాయి. పొడి సున్నం (కాల్షియం ఆక్సైడ్) సంగతి వేరు. ఆ సున్నం రాళ్ల మీద నీళ్లు పోయగానే బుసబుసమని ఆవిరి లేస్తుంది, బకెట్ చెయ్యి పెట్టలేనంత కాలిపోతుంది, రాళ్లు పగిలి తెల్లటి ముద్దవుతాయి. అంత వేడి పుట్టినా కాల్షియం +2గానే, ఆక్సిజన్ -2గానే, హైడ్రోజన్ +1గానే ఉంటాయి. అంటే ఇది సంయోగం మాత్రమే. బట్టీలో సున్నపురాయి (కాల్షియం కార్బనేట్) కాలి కార్బన్ డయాక్సైడ్ వదలడం వియోగం. అక్కడా ఏ ఆక్సీకరణ సంఖ్యా మారదు.

ఆక్సిజన్ కనబడగానే ఆక్సీకరణ అనేసుకోవడం వల్ల నాకీ పొరపాటు జరిగింది. చూడాల్సింది ఎలక్ట్రాన్లు చేతులు మారాయా లేదా అన్నది.

నిన్నటి పోస్టులో ఇచ్చిన, కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుప మేకు ఉదాహరణ మాత్రం సరైనదే. నీలి రంగు వెలిసి, మేకుపై ఎర్రటి రాగి పూత పడే ఆ స్థానభ్రంశ (ఒకటి మరొకదాని చోటు తీసుకునే) చర్యలో ఇనుము ఎలక్ట్రాన్లు ఇస్తుంది, రాగి తీసుకుంటుంది. ఆ తప్పు వాక్యాన్ని పాత పోస్టులోనూ మార్చాను.